గుండీల పట్టీ కుదిరిందా... చొక్కా కుదిరినట్టే!

చొక్కా తొడుక్కుంటాం, గుండీలు పెట్టుకుంటాం, బయటికెళ్లిపోతాం. మొత్తం కలిపి అర నిమిషం పని. ఆ అర నిమిషం పనికి ఒక మనిషికి పావుగంట పడితే? పావుగంటైనా చెయ్యి రెండో గుండీ దగ్గరే ఆగిపోతే? అప్పుడుగానీ తెలియదు... మెడ దగ్గర్నుంచి కింది అంచుదాకా దిగే ఆ సన్నటి పట్టీకి ఉన్న విలువేంటో!

నాన్నకి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. దేవుడి దయవల్ల మాట పోలేదు. నడక కూడా కర్ర సాయంతో నాలుగైదు నెలల్లో దారిలో పడింది. కుడిచెయ్యి మాత్రం మొరాయించింది. భుజం దాకా లేస్తుంది. వేళ్లు దేన్నీ పట్టుకోవు. ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటి ఎరగరు. అలాంటిది రోజూ పొద్దున్నే అమ్మ ఎదురుగా నిలబడి గుండీలు పెడుతుంటే ఆయన పైకప్పుకేసి చూస్తూ ఉండేవారు. చూడలేక మేమంతా కలిసి అరడజను టీషర్టులు కొనిచ్చాం. తలమీంచి లాగేసుకుంటే సరి, గుండీల గొడవే ఉండదు కదా అని!

ఒక్కటే ఒక్కరోజు వేసుకున్నారు. ‘బనీనుతో వీధిలోకొచ్చినట్టుందమ్మాయ్’ అన్నారు. ఆ తరవాత ఎవరైనా పలకరించడానికొస్తే గదిలోంచి బయటికి రావడమే మానేశారు.

బజారులో దొరికే చొక్కాలన్నీ చూశాం. అన్నిటికీ అవే బుల్లి గుండీలు, అవే బిగుతు కాజాలు. ఇక లాభం లేదు, నేనే కుడదామనుకున్నా. రవికలు కుట్టడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. ఉక్సు పట్టీ, కాజా పట్టీ కళ్లు మూసుకుని వేసేస్తా. ‘చొక్కా మాత్రం ఏమంత బ్రహ్మవిద్య?’ అనుకున్నా. సరిగ్గా అక్కడే బోల్తాపడ్డా!

పాత చొక్కా... కొత్త గురువు

చొక్కా కుట్టడం నేర్చుకోవాలంటే పుస్తకాలే అక్కర్లేదు. ఒంటికి చక్కగా కుదిరిన పాత చొక్కా ఒకటి చాలు. కుట్లన్నీ విప్పేస్తే ముందు భాగాలు రెండు, వీపు ఒకటి, భుజాల ముక్క, చేతులు, కాలరు, కఫ్‌లు... దేనికది విడిపోతుంది. వాటిని కాగితం మీద పరిచి గీసుకుంటే కొలతలన్నీ మన చేతిలో ఉన్నట్టే. నేనూ అదే చేశా. మంగళగిరి నేతగుడ్డ, లేతనీలం మీద సన్నటి గీతలున్నది, రెండున్నర మీటర్లు తెచ్చా. నా భయమంతా కాలరు గురించే. అది మొండికేస్తుందని అందరూ చెప్పగా విన్నాను మరి.

తీరా చూస్తే అంతదూరం వెళ్లనేలేదు. మొట్టమొదట కుట్టాల్సిన గుండీల పట్టీ దగ్గరే ఆగిపోయా. పైనుంచి కుట్టుకుంటూ వచ్చేసరికి పట్టీ ముక్క కింద అర అంగుళం మిగిలి వేలాడుతోంది. చొక్కా ఎడమ భాగం నిలువునా ముడతలు పడి, కుడి భాగం కంటే పొట్టిదైపోయింది. ఇస్త్రీ చేశా. నీళ్లు చల్లి మళ్లీ చేశా. ఊహూ... పట్టీ పాములా మెలికలు తిరిగే ఉంది.

ఇక చేసేదేముంది? సంచిలో పెట్టుకుని తెనాలిలో మా వీధి చివర టైలరు బాబాయ్ దగ్గరికెళ్లా. ఒకప్పుడు సంక్రాంతికి బట్టలు కావాలంటే నెల ముందే ఇవ్వాలి ఆయనకి. ఇప్పుడు ఆ కొట్టుకి వచ్చేవి ఎక్కువగా ప్యాంటు పొడవు తగ్గించే పనులు, జిప్పు మార్చే పనులు. నా చొక్కా ముక్కని వెలుతురుకేసి పట్టుకుని చూసి నవ్వారు.

‘కాలరు తప్పు చేస్తే కాలరే పాడవుద్దమ్మా. పట్టీ తప్పు చేస్తే చొక్కా మొత్తం పాడవుద్ది. ముందు దీన్ని విప్పు’ అన్నారు.

మిషనుకి పళ్లుంటాయి!

ఎందుకలా అంటే... చొక్కాకి ముందువైపు ఆధారం ఆ పట్టీయే. కాలరు రెండు కొసలూ వచ్చి కూర్చునేది పట్టీ తల మీద. కింది అంచు మొదలయ్యేది పట్టీ కాళ్ల దగ్గర. ఎడమ పట్టీ ఒక్క పావు అంగుళం పొట్టిదైనా కాలరు ఒకవైపుకి ఒరుగుతుంది, కింద అంచులు ఎగుడుదిగుడవుతాయి, జేబు వంకరగా కనపడుతుంది. ఒంటిమీద అన్నిటికంటే ముందు ఎదుటివాళ్ల కన్ను పడేదీ అక్కడే.

‘మరి నా పట్టీ ఎందుకు మిగిలింది బాబాయ్? రెండూ సమానంగానే కత్తిరించానే!’

ఆయన మిషను పాదం ఎత్తి కింద చూపించారు. సూది దిగేచోట రంపం పళ్లలాంటివి రెండు వరసలు. కుట్టు కుట్టుకీ పైకి లేచి గుడ్డని వెనక్కి నెట్టేవి అవే. ‘పళ్లకి తగిలేది కింది గుడ్డే కదమ్మా. దాన్ని అవి చకచకా లాక్కుపోతాయి. పైగుడ్డ పాదం కింద అణిగి కాస్త వెనకబడుద్ది. జానెడు కుట్టులో తెలీదు. చొక్కా పొడవంతా వచ్చేసరికి అర అంగుళం తేడా కొట్టుద్ది’ అని తేల్చేశారు.

రవిక ముందు పట్టీ పొట్టిది కాబట్టి ఇన్నేళ్లూ నాకు ఆ తేడా కనపడలేదన్నమాట!

విరుగుడు కూడా ఆయనే చెప్పారు. పట్టీ మీద, చొక్కా ముందు భాగం మీద నాలుగేసి అంగుళాలకి ఒక సుద్ద గుర్తు పెట్టుకోవాలి. గుర్తుకి గుర్తు కలిపి గుండుసూది గుచ్చాలి, లేదంటే చేత్తో కచ్చా కుట్టు వేసుకోవాలి. ఇక మిషను మీద ఒక్కో నాలుగు అంగుళాలూ ఒక్కో చిన్న పనిలా కుట్టుకుపోవాలి. వెనక నుంచి గుడ్డని లాగకూడదు, ముందు నుంచి తొయ్యకూడదు. నడవాల్సింది మిషనే. మన చెయ్యి దారి చూపిస్తే చాలు.

గుడ్డ మధ్యలో ఓ గీత

అసలు పట్టీ లెక్కంతా కంటికి కనపడని ఒక గీత మీద నడుస్తుంది. మెడ గుంట మధ్య నుంచి బొడ్డు మీదుగా నిలువుగా ఒక గీత ఉందనుకోండి. చొక్కా వేసుకున్నాక ఎడమ భాగం మీది గీత, కుడి భాగం మీది గీత కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడాలి. గుండీలు కుట్టేది ఆ గీత మీదే, కాజాలు కోసేదీ ఆ గీత మీదే.

మామూలుగా పట్టీ వెడల్పు అంగుళం పావు. అంటే గీతకి అటు సగం, ఇటు సగం. అందుకే ఎడమ ముందు భాగాన్ని గీత దగ్గర ఆపకుండా, అర అంగుళం దాటాక టేపు మీద ఇంకో చిన్న గీత దాకా, అంటే అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు బయటికి ఉంచి, దానికి కుట్టు కోసం పావు అంగుళం కలిపి కత్తిరించాలి. చాలామంది కొత్తవాళ్లు ఈ పెంపు మర్చిపోతారు. చొక్కా అంతా కుట్టాక చూస్తే పొట్ట దగ్గర గుండీలు చాలవు. ‘కొలత సరిగ్గానే తీశానే’ అని తల పట్టుకుంటారు.

పట్టీ లోపల పెట్టే కాన్వాసు సంగతీ అంతే. గుండీ బరువు, కాజా లాగుడు తట్టుకోడానికి అది ఉండాల్సిందే. ఇస్త్రీతో అతుక్కునేవి ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. అయితే గుడ్డని ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరేసుకోకపోతే మొదటి ఉతుకులోనే అసలు రంగు బయటపడుతుంది. నేతగుడ్డ కుంచించుకుంటుంది, కాన్వాసు అంతగా కుంచించుకోదు. మధ్యలో పట్టీ బుడగలు బుడగలుగా లేస్తుంది. ఎంత పనిమంతుడు కుట్టినా ఆ చొక్కాని ఇంకెవరూ బాగుచెయ్యలేరు.

సముద్రం దాటొచ్చిన మాటలు

పట్టీ విప్పుతూ కూర్చున్న ఆ సాయంత్రం నాన్న పక్కనే కుర్చీ వేసుకుని పాఠం మొదలెట్టారు. బొత్తాం, కాజా, ఇస్త్రీ... ఈ మూడూ పోర్చుగీసువాళ్ల మాటల నుంచి మనకొచ్చినవేనట. బొత్తాంకి వాళ్ల మాట ‘బొటావ్’. కాజాకి మూలం ‘కాజ’, అంటే ఇల్లు. గుండీ వెళ్లి కూర్చునే ఇల్లన్నమాట! ఓడల మీద వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. మాటలు మాత్రం మన టైలరు కొట్లలో ఉండిపోయాయి.

గుండీ అయితే అంతకంటే ఎంతో పాతది. మొహెంజొదారో తవ్వకాల్లో గవ్వ పెంకుతో చేసిన గుండీలు దొరికాయి. నాలుగువేల ఏళ్లకి పైబడినవి. కాకపోతే వాటిని అలంకారానికే ఎక్కువగా వాడి ఉంటారంటారు. గుండీకి సరిపడా కుట్టిన కన్నం, అంటే మన కాజా, యూరప్‌లో వాడుకలోకి వచ్చింది 13వ శతాబ్దంలో.

ఇంకో తమాషా ఏంటంటే... పైనుంచి కిందిదాకా గుండీలుండే చొక్కా వయసు నూటయాభై ఏళ్లకి కాస్త అటూ ఇటూ మాత్రమే! అంతకుముందు ఇంగ్లండులోనూ చొక్కాని తలమీంచి తొడుక్కోవాల్సిందే. గుండెల దాకా చీలిక, దానికి మూడు నాలుగు గుండీలు. అచ్చం మన లాల్చీలాగా! ముందంతా తెరుచుకునే చొక్కాని లండన్‌లోని బ్రౌన్, డేవిస్ అనే కంపెనీ 1871లో నమోదు చేయించుకుంది. కోటులా తొడుక్కోవచ్చన్న ఆ సౌకర్యం కోసమే మెడ నుంచి అంచుదాకా పట్టీ దిగింది. అంటే ఈ పట్టీ పుట్టిందే మనిషి సులువుగా బట్టలు తొడుక్కోడానికి. అదే ఇప్పుడు మా నాన్నకి అడ్డం తిరిగింది!

కుడివైపు పట్టీయా? ఛస్తే వద్దు!

మగవాళ్ల చొక్కాలో ఎడమ భాగం పైకి వస్తుంది, ఆడవాళ్ల చొక్కాలో కుడి భాగం పైకి వస్తుంది. మగవాళ్లు కత్తి దూయడానికి వీలుగా అలా మొదలైందని కొందరు, దొరసానులకి దాసీలు ఎదురుగా నిలబడి గుండీలు పెట్టేవారు కాబట్టి తిరగేశారని కొందరు చెబుతారు. కథలకేం కొదవలేదు. ఆచారం మాత్రం నిలబడిపోయింది.

ఈ సంగతి విన్నాక నాకో ఆలోచన తట్టింది. మగవాళ్ల చొక్కాలో గుండీలుండేది కుడివైపు. కుడిచెయ్యి వాటం ఉన్నవాళ్లకి అది హాయి. నాన్నకి పనిచేసేది ఎడమచెయ్యి. పట్టీని తిరగేసి, గుండీలు ఎడమవైపుకి తెస్తే? చెప్పీచెప్పగానే మండిపడ్డారు. ‘ఆడపిల్లల చొక్కా తొడుక్కుని తిరగమంటావా? ఛస్తే వద్దు. చొక్కా చొక్కాలాగే ఉండాలి!’

ఆయన అడిగింది సులువైన చొక్కా కాదు. అందరిలాంటి చొక్కా. టీషర్టులు పెట్టెలోనే ఎందుకుండిపోయాయో నాకు అప్పుడు అర్థమైంది. పైకి చూస్తే మామూలు చొక్కాలా ఉండాలి, లోపల మాత్రం ఆయన చేతికి లొంగాలి. మార్పేదైనా చెయ్యాలంటే ఆ అంగుళం పావులోనే చెయ్యాలి.

గుండీ పెద్దది... కాజా వదులు

చొక్కా గుండీల సైజుని ‘లైన్ల’లో చెబుతారు. అంగుళానికి నలభై లైన్లు. మామూలు చొక్కా గుండీ 18 లైన్లు, అంటే అర అంగుళం కంటే కాస్త తక్కువ. నాన్న చొక్కాకి 24 లైన్ల గుండీలు తెచ్చా. చూడ్డానికి పెద్ద తేడా కనపడదు, వేళ్ల మధ్య మాత్రం నిలబడతాయి. కాజా పొడవుకి ఒక లెక్కుంది. గుండీ అడ్డకొలతకి దాని మందం కలపాలి. ఆ లెక్కన ముప్పావు అంగుళం వచ్చింది.

కాజాలు చేత్తో కుట్టించమన్నారు బాబాయ్. రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ ఉంది. ఒకప్పుడు టైలరు కొట్ల నుంచి చొక్కాలు మూటలకి మూటలు ఆవిడ గుమ్మం ముందుకొచ్చేవి. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడమే ఆవిడ పని. కాజా మిషన్లు వచ్చాక మూటలు తగ్గిపోయాయి. నేను వెళ్తే ఎంత సంబరపడిందో!

‘ముందు ఇదే గుడ్డ, ఇదే కాన్వాసు పెట్టి ఓ పేలిక మీద కాజా తీసి చూసుకోవాలమ్మా. చొక్కా మీద తప్పు కోస్తే అతుక్కోదు’ అంది. కోసేటప్పుడు కాజా రెండు కొసల్లోనూ అడ్డంగా గుండుసూదులు గుచ్చింది. బ్లేడు జారినా అక్కడ ఆగుతుందట. అంచు చుట్టూ దారాన్ని ముడి మీద ముడిగా పేరుస్తూ పోయింది. ఒక్కో కాజాకి పది నిమిషాలు. కాలరు దగ్గర కాజా అడ్డంగా, పట్టీ మీదవి నిలువుగా ఎందుకుంటాయో కూడా చెప్పింది. మెడ దగ్గర లాగుడు పక్కలకి ఉంటుంది. కాజా అడ్డంగా ఉంటే గుండీ చివరిదాకా జరిగి అక్కడ ఆగుతుంది. పట్టీ సన్నటిది కాబట్టి దాని మీద నిలువు కాజా ఉంటేనే గుండీ మధ్యలో, ఒకే వరసలో నిలుస్తుంది.

గుండీలు కుట్టేటప్పుడు గుడ్డకీ గుండీకీ మధ్య అగ్గిపుల్ల పెట్టింది. కుట్టయ్యాక పుల్ల లాగేసి, వదులుగా మిగిలిన దారం చుట్టూ నాలుగు చుట్లు చుట్టింది. గుండీ చిన్న కాడ మీద పువ్వులా లేచి నిలబడింది. ఒంటిచేత్తో పట్టుకోడానికి అంతకంటే ఏం కావాలి?

అలా నిజం గుండీలు పైన రెండే. కింద నాలుగూ ఉత్తుత్తివే! వాటి కాజాలు కొయ్యకుండా దారంతో కుట్టేసి, పైన గుండీలు తగిలించాం. పట్టీ అడుగున మాత్రం వెల్‌క్రో ముక్కలు. పొడుగు పట్టీలా వేస్తే చొక్కా అట్టలా బిగుసుకుపోతుందని అర అంగుళం చదరాలుగా కత్తిరించి గుండీ గుండీకీ ఒకటి పెట్టా. గరుకు ముక్క కుడి భాగం మీద, ఒంటికి తగలకుండా బయటివైపుకి. ఉతికేటప్పుడు వాటిని మూసే ఉంచాలి. లేదంటే పక్క బట్టల్ని పీకుతాయి.

ఇంట్లో కుట్టాలనుకుంటే...

- గుడ్డని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించండి.
- పట్టీ ముక్క వెడల్పు ఒకటిముప్పావు అంగుళం. అందులో పట్టీకి అంగుళం పావు, రెండువైపులా కుట్టుకీ మడతకీ పావు పావు. పొడవు చొక్కా కంటే ఓ అంగుళం ఎక్కువ ఉంచుకోండి.
- కాన్వాసు సరిగ్గా అంగుళం పావు వెడల్పు. పట్టీ వెనకవైపు మధ్యలో పెట్టి ఇస్త్రీతో అతికించండి. లోపలి అంచు పావు అంగుళం మడిచి ఇస్త్రీ చెయ్యండి.
- పట్టీ మంచివైపుని చొక్కా ఎడమ భాగం వెనకవైపు మీద ఆనించి, అంచుకి పావు అంగుళం లోపల కుట్టండి. తరవాత పట్టీని ముందుకి తిప్పండి. కుట్టు గీత బయటికి కనపడకుండా ఒక్క పిసరు లోపలికి లాగి ఇస్త్రీ చెయ్యండి.
- పైకుట్లు రెండూ మెడ నుంచి కిందికే వెయ్యాలి. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వేస్తే పట్టీ మెలి తిరుగుతుంది.
- కుడి భాగానికి విడి పట్టీ అక్కర్లేదు. మధ్య గీత నుంచి అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల దూరంలో లోపలికి మడవండి. లోపల అంగుళం పావు, దాని అంచు మడతకి ఇంకో పావు ఉంచండి.
- గుండీల మధ్య ఎడం మూడున్నర అంగుళాలకి అటూ ఇటూ. ఛాతీ బాగా వెడల్పున్న చోట ఒక గుండీ తప్పకుండా పడాలి. లేదంటే అక్కడే నోరు తెరుచుకుంటుంది.

నాలుగు నిమిషాలు

చొక్కా పూర్తయ్యేసరికి మూడు వారాలు పట్టింది. పట్టీ రెండుసార్లు విప్పా. మూడోసారి కుట్టి ఎడమ, కుడి భాగాలు పక్కపక్కన పెడితే కింది అంచులు కలిశాయి. గుడ్డ మీది నీలం గీతలు పట్టీ మీది గీతలకి వరసగా నిలబడ్డాయి.

తొడుక్కోడం ఎలాగో నాన్నకి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ముందే నేర్పింది. బలం లేని చెయ్యి ముందు చొక్కాలోకి వెళ్లాలి, బలమున్న చెయ్యి తరవాత. విప్పేటప్పుడు దీనికి తిరగలి. మొదటిరోజు అమ్మ అలవాటుగా దగ్గరికెళ్లబోతే ఎడమచేత్తో ఆగమని సైగ చేశారు. అద్దం ముందు నిలబడి కింది నుంచి మొదలుపెట్టారు. కింది అంచులు కలిపి ఒక్కో వెల్‌క్రో నొక్కుకుంటూ పైకొచ్చారు. ఇక మిగిలినవి రెండు నిజం గుండీలు. మొదటిది రెండుసార్లు జారిపోయింది. మేం తలుపు పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టాం. మూడోసారికి కాజాలో దూరింది. గడియారం చూస్తే నాలుగు నిమిషాలు!

ఆ సాయంత్రం ఆయన కర్ర పట్టుకుని వరండాలోకొచ్చి కూర్చున్నారు. వీధిలో వెళ్తున్న టైలరు బాబాయ్ చూసి గేటు తీసుకుని లోపలికొచ్చారు. వంగి, బొటనవేలితో పట్టీని మెడ దగ్గర్నుంచి అంచుదాకా నిమురుకుంటూ వెళ్లారు.

‘అమ్మాయి బాగా కుట్టింది మాస్టారూ. పట్టీ ఎక్కడా వంకర్లేదు’ అన్నారు.

నాన్న కాలరు సర్దుకున్నారు. నా కుట్టు గురించి ఒక్క ముక్కయినా అంటారేమోనని చూస్తున్నా.

‘గుండీలు నేనే పెట్టుకున్నానయ్యా!’ అన్నారు.